గాలి గట్టిగా పట్టించు

క్రీట్ దీవిలో కొండ మీది ఊరు. వార్దిస్ టైర్ల షాపు ముందు గారిఫాలియా తన బండి ఆపింది. పదకొండేళ్ళ క్రితం వార్దిస్ కొడుకు సిఫిస్ ఆమె ఒక్కగానొక్క కొడుకు యాకోవిస్‌ను కాల్చి చంపాడు. ఇవాళ సిఫిస్ జైలు నుంచి విడుదలవుతున్నాడు.

"నాలుగు టైర్లకీ ముప్పై ఆరు గాలి అన్నాను. చెవుడొచ్చిందా నీకు?"

"వినబడింది వదినా. బండి తలుపు మీద అంటించిన కాగితంలో ముప్పై అని ఉంది. నీ బండికి అదే సరైన గాలి."

"ఆ కాగితం అంటించినవాడు మన కొండ రోడ్డు చూశాడా?"

"ముప్పై ఆరు పెడితే రాయి రాయీ నీ నడుముకి తగులుతుంది. మొన్ననే కదా నడుం పట్టేసిందని ఫాదరుతో..."

"నా నడుం గోల నీకెందుకు. గాలి తక్కువైతే మలుపులో బండి ఊగుతుందా లేదా?"

"ఊగుతుంది. ఒళ్ళు హాయిగానే ఉంటుంది గానీ, తిప్పిన తర్వాత కాస్త ఆలస్యంగా తిరుగుతుంది."

"నాకు తిప్పగానే తిరగాలి."

"అంత జోరుగా ఎక్కడికి పోవాలి నీకు? జైలు గేటుకే కదా. నెమ్మదిగా వెళ్ళి నెమ్మదిగా రా."

"బండి నడపడం నీ దగ్గర నేర్చుకోవాలా?"

"కోప్పడకు. ఎంతమంది ఎక్కుతారో చెప్పు. దాన్నిబట్టే గాలి."

"వెళ్ళేటప్పుడు నేను. వచ్చేటప్పుడు నేనూ, నీ కొడుకూ."

"నన్ను కూడా రానీ."

"రాజీ మాట మర్చిపోయావా? ఫాదరు ముందు సువార్త పుస్తకం మీద చెయ్యి పెట్టి ఒప్పుకున్నావు. చంపినవాడి తరపువాళ్ళు ఊరు దాటకూడదు. పోయినవాడి తల్లే వెళ్ళి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, తన ఇంట్లో భోజనం పెట్టాలి. అప్పుడే పగ తెగినట్టు."

"పెడతావా వదినా? నిజంగా పెడతావా?"

"పొద్దున్నే గొర్రెపిల్లని కోశాను. మెడ మీద కత్తి పెట్టినప్పుడు ఎవడి మొహం కనబడిందో చెప్పనా?"

"వద్దు."

"వద్దా? అయితే ఇది విను. యాకోవిస్‌కి నువ్వే జ్ఞానతండ్రివి. బాప్తిస్మం తొట్టిలో ముంచి, పేరు పెట్టి నా చేతికిచ్చింది నువ్వే. ఆ మొహంలోకి నీ కొడుకు రెండు తూటాలు దించాడు. శవపేటిక మూత తియ్యనివ్వలేదు నన్ను. చూడలేవమ్మా, వద్దమ్మా అని పదిమంది పట్టుకున్నారు. కన్నతల్లిని, వార్దిస్."

"నాకు తెలుసు..."

"ఏం తెలుసు నీకు? గొర్రెల మేత తగాదాకి. ఇంత గడ్డికి."

"ఆ రోజు పెట్టె మీద పడి నువ్వన్న మాట ఊరంతా విన్నది. వాడి నెత్తురు కళ్ళ చూస్తానన్నావు."

"అన్నాను."

"ఇప్పుడు?"

"ఇప్పుడు గాలి పట్టించమంటున్నాను."

"దారిలో ఎక్కడైనా ఆగుతావా?"

"లోయ మీది మలుపులో. అక్కడ మా వాడి పేరున కట్టిన దీపం గూడు ఉంది. నీ కొడుకు చేత వెలిగించాలి."

"అక్కడ రోడ్డుకి పిట్టగోడ కూడా లేదు."

"లేదు. అయితే?"

"దాచను వదినా, నాకు భయంగా ఉంది. వాణ్ణి ఎక్కించుకుని లోయలోకి తిప్పేస్తావని భయం. నీకు బతుకు మీద ఆశ లేదు, నాకు తెలుసు."

"వాణ్ణి చంపాలంటే నాకు గాలి కావాలా? ఇంట్లో తుపాకీ లేదా?"

"మరెందుకు? ఎందుకింత గట్టిగా గాలి?"

"చెప్పను. చెబితే నువ్వు ఊరుకోవు."

"ఊరుకోననే కదా అడుగుతున్నా. మీ మరిది పోలియోస్ ఏమంటున్నాడు?"

"వాడి ఊసెత్తకు."

"రాజీ రోజున చర్చికి రాలేదు."

"జ్వరం."

"జ్వరమొచ్చినవాడు నిన్న తూటాలు కొన్నాడట."

"వేటకి."

"కొననీలే. ఆడది కూర్చున్న బండి మీద మన కొండల్లో ఎవడూ కాల్చడు. ఫాదరు నిన్ను పంపేదీ అందుకే. నా భయం వాడు కాదు, నువ్వు."

"నేనా."

"నువ్వే."

"సరే. భయపడుతూనే పట్టించు."

"పట్టిస్తున్నా... అయింది."

"ఎంత?"

"ముప్పై ఆరు."

"ఒట్టు?"

"నా కొడుకు మీద ఒట్టు."

"తప్పుకో. గేటు తెరిచే వేళయింది."

"వదినా, వాణ్ణి ప్రాణాలతో తీసుకురా. నీ కాళ్ళు పట్టుకుంటా."

"తప్పుకోమన్నానా."

మధ్యాహ్నం. అదే షాపు. వార్దిస్ ఫోను మోగింది.

"నిజం చెప్పు వార్దిస్. ఎంత పెట్టావు గాలి?"

"ఎక్కడున్నారు? వాడేడి?"

"బతికే ఉన్నాడు. ఎంత పెట్టావు?"

"అది... ఇరవై."

"కొండ దిగేటప్పుడు మెత్తగా పోతుంటే రోడ్డు బాగుచేశారనుకున్నాను."

"జోరు తగ్గిస్తావనే గాలి దించాను. లోయలోకి పోనిస్తావని... వదినా, తిట్టు, కొట్టు, నెమ్మదిగా రా చాలు."

"నెమ్మదిగానా? వెనక అద్దం మొత్తం రాలిపోయింది. నా చెవి తెగి నెత్తురు మెడలోకి కారుతోంది. నీ కొడుకుని వెనక సీటు కింద పడుకోబెట్టాను."

"ఎవరు? ఎవరు కాలుస్తున్నారు?"

"పోలియోస్. వెనకే బండిలో తరుముతున్నాడు. నడిపేది తన వదినని తెలిసే కాలుస్తున్నాడు. కాలుస్తానని పొద్దున్నే నా మొహం మీదే చెప్పాడు."

"నాకొక్క మాట చెప్పలేదేం?"

"చెబితే నువ్వూ నీ తమ్ముళ్ళూ తుపాకులు తీసేవాళ్ళు. సాయంత్రానికి ఊళ్ళో శవపెట్టెలు చాలేవి కావు. ఒక తల్లి ఏడ్చింది చాలనుకున్నాను. మలుపుల్లో నన్ను అందుకునేవాడు లేడు, గాలి ఒక్కటి సరిగ్గా ఉంటే చాలనుకున్నాను."

"వస్తున్నా. ఎక్కడో చెప్పు, ఇప్పుడే వస్తున్నా..."

"అందుకోలేవు. దగ్గరికొచ్చేశాడు. తిప్పితే బండి తిరగడం లేదు, వార్దిస్."

"వదినా... వదినా, నా చేతులారా నేనే..."

"ఏడవకు. ఈ హోరులో మన మాటలు నీ కొడుక్కి వినబడవు. ఫోను వెనక సీటుకి అందిస్తున్నాను, వాడితో మాట్లాడు. గాలి సంగతి మాత్రం వాడికి చెప్పకు."