జబల్ మీది పొయ్యికి నీళ్ళు పట్టిన

— తాతా, ఒమన్ అంటె మండే ఎండలే గదా? గక్కడ సలికాగే పొయ్యి ఏంది? అమ్మనేమో, ఆ పొయ్యి పేరెత్తితె తాత మాట మారుస్తడంటది.

మారుస్తనా? ఆ... మార్చుతనే కావచ్చు. మీ అమ్మకేం ఎర్క, గప్పుడు అది పాలు తాగే పిల్ల. కూసో. గటు గాదు, ఇటు కుడిదిక్కు రా బిడ్డా, ఎడమ చెవు మందం నాకు.

ఎండనే. నేను కాదంటలే. నిజ్వా కాడ మా క్యాంపుల రేకుల రూమ్‌ల పండుకుంటె ఒళ్ళు కాలుతుండె. కని గక్కడ పెద్ద పెద్ద గుట్టలున్నయి. జబల్ అంటరు గుట్టను. మనం కొండగట్టు జూసి గుట్ట అనుకుంటం గదా, అది దాని మోకాలుకు రాదు. మీద దానిమ్మ తోటలు, గులాబి తోటలు. సలికాలం తెల్లారంగ బకెట్ల నీళ్ళ మీద పలక లెక్క గడ్డ కడ్తది. నేను ఏలు వెట్టి చూసిన. మీ అమ్మమ్మకు గదే ఉత్తరం రాపిస్తె, 'మనిషికి ఎండదెబ్బ తాకి తలకాయ ఖరాబైంది' అని ఏడ్చిందట.

నేను సుతారోన్ని, గోడలు కట్టే తాపీ పనోన్ని, తెలుసు గదా. మా మామ దగ్గర్నే నేర్సుకున్న, అంటె మీ అమ్మమ్మ వాళ్ళ నాయిన. మస్తు పనోడు, నోరు మాత్రం చేదు. తాపీ వంకర వట్టుకుంటె దాంతోనే వేళ్ళ మీద కొడుతుండె. గప్పట్ల మెట్‌పల్లి దిక్కు సుతారి కూలి రోజుకు ఆరేడు రూపాలు. బొంబాయిల నెల దినాలు ఏజెంటు అరుగు మీద పండుకొని పోయిన ఒమన్‌కు. పోయేటప్పుడు మీ అమ్మ నలభై దినాల పిల్ల. సరే, గది ఇడిసిపెట్టు.

మా కంపెనీల ఒక ఇంజనీరు దొర ఉండె, తెల్లాయన. జబల్ మీద ఏదో నీళ్ళ పని నడుస్తుండె, దానికి పెద్ద ఆయన. మీదనే రాతింట్ల ఉండేది, భార్య, ఏడాది పిల్ల. బుగ్గలు ఎర్రగ, గోడ వట్టుకొని నడుస్తుండె. ఆ ఇంట్ల గోడల్నే పొయ్యి, పొగ పోను పైకి గొట్టం. వంటకు గాదు, సలి కాగెతందుకు. దాని ఎనక గోడ ఇటుకలు పగిలినయి, సందులు వడ్డయి. ఎవలన్న మంచి సుతారి కావాలె అన్నరట. మా ఫోర్మన్ మొహిద్దీన్ సాబ్, మన హైదరాబాదాయనే, వచ్చి అడిగిండు. "ఎవనికన్న మంట పొయ్యి పని వస్తదా?"

నాకు వస్తదని చెయ్యి లేపిన. ఒక్కనాడన్న చేసిన్నా? చెయ్యలే. నోటి దూల. నాకు రాని గోడ పనా అనుకున్న.

మొహిద్దీన్ సాబ్ ఒక డబ్బా ఇచ్చిండు. మూత తీస్తె నల్లగ, ముద్ద ముద్దగ, మైనం లెక్క ఉండె. "ఇది మంటల సిమెంటు, ఎంత కాక అయినా పగులది" అన్నడు. గంతే. డబ్బా మీద ఇంగ్లీషుల సన్నసన్న అచ్చరాలు ఇంతగనం ఉన్నయి. నాకేం సదువు? ఆయన సదివిండో లేదో నాకెర్కలే, నేనైతె అడుగలే. అడిగితె రాదని తెలుస్తది గదా!

జబల్ మీదికి పోయి, పని మాత్రం పానం వెట్టి చేసిన. పాత సున్నం గీకిన, మసి తుడిసిన, కదిలిన ఇటుకలు తీసి మల్ల కూసోవెట్టిన. సందులల్ల నింపి, ఇంక సక్కగ కనవడాలని మీదికెల్లి గోడకు గిలాబు పూత వేసినట్టు రెండు వేళ్ళ మందం పూసిన. డబ్బా మీద డబ్బా అడిగి తెప్పించిన. ఆ పిల్ల అంబాడుకుంట వచ్చి నా తాపీ గుంజుతుంటె వాళ్ళమ్మ నవ్వుకుంట ఎత్తుకపోతుండె. మన పిల్ల గూడ గిట్లనే అంబాడుతుండొచ్చు అనుకునేది నేను.

అయిపోయినంక... ఇగ్గో, ఇదే బిడ్డా నేను చేసిన పాపం. నీళ్ళు పట్టిన.

మా మామ నేర్పింది గదే. సిమెంటుకు నీళ్ళే పాలు రా, ఎండవెడితె పాపం తాకుతది అనేటోడు. మన దిక్కు సిమెంటు పనంటె నీళ్ళే గదా, స్లాబైతె కట్టలు గట్టి నిలవెడ్తం, గోడైతె పొద్దుమాపు చల్లుతం. నేను గట్లనే గోనెసంచి తడిపి ఎనక గోడకు కప్పిన. నాలుగు దినాలు, దినానికి మూడుసార్లు. ఆ చలిల చేతులు కొంకర్లు వోయినయి, అయిన ఇడువలే. ఇటుకలన్ని నీళ్ళు తాగి సల్లగ అయినయి. ఆ దొరసాని చూసి తల ఊపింది, పాపం ఆమెకేం ఎర్క. గురువారం దొర మస్కట్ నుంచి వస్తడు, గప్పుడే పొయ్యి అంటువెడ్తమని చేతులతోని చెప్పింది. నేను సంచి తీసేసి మంగళారం... కాదు, బుధారం పొద్దుగాల సామాన్ల జీపుల కిందికి దిగిన.

మాపటికి రూమ్‌ల కూసోని మస్తు గొప్పలు చెప్పిన. నా పక్క మంచం రాజేశంది, ధర్మపురి దిక్కు కుమ్మరోడు. ఊళ్ళె కుండలు చేసేటోడు, గక్కడ ఇసుక మోసేటోడు. అందరు ఇంటున్నరు, వాడు ఒక్కడు రొట్టె ముక్క చేతులనే వట్టుకొని ఆగిపోయిండు.

"నీళ్ళు పట్టినవా?"

"పట్టనా మరి? సుతారోన్ని."

"మంటల వెట్టేదానికి నీళ్ళెందుకు పట్టినవన్నా? తడి ఆరని కుండ ఆవంల వెట్టి కాలిస్తె ఏమైతదో ఎర్కనా? పటాకి లెక్క పేలుతది. మా తమ్మునికి గట్లనే పెంకు ఎగిరచ్చి కన్ను వోయింది."

నేను నవ్విన. కుమ్మరోడు సుతారికి చెప్పుడా అన్న. వాడు నవ్వలే. మందం ఎంత పూసినవన్నడు. రెండు వేళ్ళు చూపిచ్చిన. వాడు రొట్టె కింద వెట్టిండు బిడ్డా. గప్పుడు వడ్డది నాకు బుగులు. గా పిల్ల కూసుండే జాగ కండ్లల్ల మెదిలింది. పొయ్యి ముంగట ఎర్ర తివాసీ ఉండె, దాని మీదనే బొమ్మలు పెట్టుకొని ఆడుతుండె అది.

నిద్ర పట్టలే. తెల్లారి మొహిద్దీన్ సాబ్ కాడికి పోయి కాళ్ళ మీద వడ్డంత పనిచేసి చెప్పిన. ఆయన మొఖం తెల్లగైంది. భయం నాకొక్కనికే అనుకున్న, ఆయనకు నా కంటె ఎక్కువ. "నోరు మూసుకో. ఏం గాదు. దొరకు తెలిస్తె నిన్నొక్కన్నే గాదు, నన్ను గూడ ఇంటికి ఇమానం ఎక్కిస్తడు" అన్నడు. జీపు శనివారం దాక లేదన్నడు. నా పాస్‌పోర్టు ఆయన పెట్టెల్నే ఉండె. డ్యూటీకి పో అన్నడు.

పోయిన. తట్ట వట్టుకున్న. ఒక వరస రాయి కూడ కట్టలే, చేతులు రాలే. ఏం గాదు, ఏం గాదు అని నాకు నేనే చెప్పుకున్న. దేశం కాని దేశం, ఇంటికి తోలిస్తె ఏం మొఖం వెట్టుకొని పోవాలె? సుతారి పని రాదని తోలిచ్చిన్రంటె మా మామ నన్ను గడప తొక్కనిస్తడా? గిట్ల అనుకుంటనే ఉన్న, మల్ల ఆ ఎర్ర తివాసీ యాదికస్తనే ఉంది. తాపీ ఆడనే వడేసి నడిసిన.

గుట్ట కిందికెల్లి గాడిదల బాట ఉండె. ఒక ముసలి అరబ్బాయన గాడిదల మీద బియ్యం, గాసునూనె ఎక్కిస్తుండె. జబల్, జబల్ అని పైకి చూపిచ్చిన. చెప్పులు జూసిండు నావి, తల అడ్డం ఊపిండు. అయిన రమ్మన్నడు. ఆరు గంటల నడక బిడ్డా. ఒకదిక్కు గోడ, ఒకదిక్కు లోయ. నాకు లోయ చూస్తె కండ్లు తిరుగుతయి, ఇప్పటికి మన డాబా మీది అంచుకు రాను చూడు. గాడిద తోక వట్టుకొని కండ్లు కిందికే వెట్టుకొని ఎక్కిన. నడిమిట్ల ఆయన ఖర్జూరపండ్లు ఇచ్చిండు, జేబుల ఏసుకొని నడుస్తనే ఉన్న. ఎక్కినంతసేపు దేవునికి ఒక్కటే మొక్కిన. దొర జీపు బాటల ఖరాబు కావాలె, ఆయన ఇంకా ఇల్లు చేరొద్దు.

పొద్దు గుట్ట ఎనక్కి వోయె యాళ్ళకు మీదికి చేరిన. చూస్తె ఆ ఇంటి గొట్టంకెల్లి పొగ.

ఉరికిన. తలుపు కొట్టలే, చెప్పులు ఇడువలే. లోపల దొర ఉన్నడు, ఆమె ఉన్నది, పొయ్యిల ఇంతింత మొద్దులు వేసి ధగధగ మండుతుంది. పిల్ల తివాసీ మీద. నాకు ఇంగ్లీషు రాదు, వాళ్ళకు నా మాట రాదు. "పానీ, పానీ" అంటున్న, పొయ్యిని చూపిస్తున్న, రెండు చేతులతోని కుండ పగిలినట్టు చూపిస్తున్న, ఢాం, ఢాం అంటున్న. దొర ముందు బెదిరిండు, తర్వాత నవ్విండు. తాగచ్చిన అనుకున్నడు కావచ్చు. నన్ను జబ్బ వట్టుకొని బయటికి తెచ్చి వంట రూమ్ చూపిచ్చి, చాయ తాగి పో అన్నట్టు చూపిచ్చిండు.

ఆమె మాత్రం నవ్వలే. తలుపుకాడ ఎనక్కి తిరిగి చూసిన నేను. నా మొఖం దిక్కు చూసి, పిల్లను ఎత్తుకొని పక్క రూమ్‌లకు పోయింది. నమ్మిందని గాదు. తల్లి గదా.

వంట రూమ్‌ల కూసున్న. వంటాయన చాయ పోసిండు, హిందీ వస్తది ఆయనకు, సంగతి చెప్పిన గని దొర కాడికి పోయి చెప్పనీకె జంకిండు. పిచ్చోని లెక్క చేసిన, ఏం గాకపోతె నా గతి ఏంది అని ఒక బుగులు, అయితె ఎట్ల అని ఒక బుగులు. చాయ సగం తాగిన్నో లేదో, ధన్‌మన్నది. రాయి పేలినట్టు. ఎంబడే ఇంకోటి.

పోయి చూసినం. ఎనక గోడ నేను పూసిందంత పెచ్చులు పెచ్చులు లేసింది, ఇటుక మొఖాలు ఊడినయి. అరచేతంత పెచ్చు ఒకటి తివాసీ నడిమిట్ల వడి పొగ వస్తుంది. బొమ్మ ఒకటి కాలి కరుగుతుంది. దొర మోచేతికి దెబ్బ తాకింది, రక్తం కారుతున్నా ఆయనకు సోయి లేదు. ఆ బొమ్మ దిక్కే చూస్తున్నడు.

— నిన్ను ఏమన్నడు తాతా?

ఏమనలే. గదే పెద్ద శిక్ష. వంటాయన హిందీల నడిమిట్ల చెప్పిండు, నేను నీళ్ళు పట్టిన్నని ఒప్పుకున్న. రెండు దినాలు ఆ వంట రూమ్‌ల్నే ఉన్న. ఎవలు వచ్చినా నన్ను తోలియ్యనీకే అనుకున్న. మూడోనాడు దొర కొత్త డబ్బా తెచ్చి నా ముంగట కూసున్నడు. డబ్బా మీద రాసింది ఒక్కొక్క మాట సదువుడు, వంటాయనతోని చెప్పిచ్చుడు. సందులల్ల మాత్రమే వెట్టాలె, గోరంత మందం. నీళ్ళు పట్టొద్దు, దానంతటది ఆరాలె. ఆరినంక గుప్పెడు పుల్లలతోని సన్న మంట, తెల్లారి జర ఎక్కువ, గట్ల పెంచుకుంట పోవాలె. నేను అట్లనే మొత్తం గీకి మల్ల చేసిన.

ఆరినంక మొదటి మంట అంటువెట్టేనాడు దొర ఒక పీట తెచ్చి తివాసీ ఉన్న జాగల ఏసిండు. నువ్వు కూసో అన్నడు. మంట ఆరిందాక.

కూసున్న. ఐదు దినాలు కూసున్న బిడ్డా. మొదటినాడు గుప్పెడు పుల్లలే. కట్టె చిటపటమంటె సుత నా పానం గుంజుకుంటుండె. మొఖానికి చెయ్యి అడ్డం వెట్టుకుందామంటె దొర చూస్తున్నడేమో అని సిగ్గు. మా మామ తాపీ దెబ్బలు దీని ముంగట ఏపాటియి? ఎవని పని ముంగట వాడు కూసునుడు కంటె కష్టం లేదు.

ఐదోనాడు మొద్దులు వేసిన్రు. పెద్ద మంట. నేను పీట మీద బిగవట్టుకొని కూసున్న. గప్పుడు ఆ దొరసాని వచ్చింది. కొద్దిసేపు నిలవడి గోడ చూసింది, నన్ను చూసింది. పిల్లను తెచ్చి నా ఒళ్ళె కూసోవెట్టింది.

నమ్మింది బిడ్డా ఆమె. నమ్మితె సంతోషమైతదంటరు గదా. నాకు కాలే. ఆ ఐదు దినాలల్ల లేని బుగులు గప్పుడు వడ్డది. అప్పటిదాక నా ఒక్కని పానమే గదా. పిల్లను రొమ్ముకు అదుముకొని, దాని తల మీద నా చెయ్యి కప్పి, నా ఈపు మంట దిక్కు తిప్పుకొని కూసున్న. ఈపు కాలుతుంది. అది నా అంగీ గుండీ నోట్ల వెట్టుకొని అట్లనే నిద్రవోయింది. మంట బూడిదయ్యేదాక లేవలే నేను. ఏం గాలే. గోడ గట్లనే ఉంది.

తర్వాత మొహిద్దీన్ సాబ్ సుత ఏమనలే, ఇంకా నాలుగేండ్లు ఉన్న గక్కడ. ఇగ... ఏముంటది. నీకు గూడ ఎవలన్న గట్ల వాళ్ళ పిల్లను తెచ్చి ఒళ్ళె వెట్టే దినం రావాలె బిడ్డా, నీ చేతిపని మీద గంత నమ్మకం రావాలె వాళ్ళకు. వచ్చిననాడు నీకు బుగులు కావాలె. సల్లగుండు. దేవుడు ఆ బుగులు నీకు తక్కువ చెయ్యద్దు... పోయి అన్నం తిను, పో. నేను జర ఇట్లనే కూసుంట.