యేసుదానం గారు వద్దన్న రాడ్

1988 మార్చి ఏడవ తేదీ, సోమవారం, మొదటి షిఫ్టులో శ్రీ యేసుదానం గారు గోదావరిఖనిలోని మన వర్క్‌షాపులో వెల్డింగు విభాగపు సహాయకునిగా ప్రవేశించారు. ముప్పయ్యేడేళ్ల నిరంతర సేవానంతరం ఈ జూన్ ముప్పయ్యవ తేదీన పదవీ విరమణ చేస్తున్నారు. వారిని గురించి నాలుగు మాటలు రాయమని సహోద్యోగులు కోరడం నా భాగ్యం. అయితే ఇందులో అభినందనతో పాటు పద్నాలుగేళ్లుగా నేను దాచిన ఒక తప్పు కూడా ఉన్నది. శుభవేళ ఇదేమిటని కొందరికి అనిపించినా, రాయక తప్పదు.

సహాయకునిగా చేరినవారు ఐదేళ్లలో వెల్డరయ్యారు, క్రమంగా సీనియర్ వెల్డరయ్యారు. ఏ ముక్క చేతికిచ్చినా మొదట ఆకురాయితో గీసి, గ్రైండరుకు ఆనించి, రవ్వల తీరు చూసి, ఇనుము గుణం తెలిసిన తరువాతనే ఏ వెల్డింగు రాడ్ వాడాలన్నది నిర్ణయించేవారు. వానాకాలంలో ముందు తేమ పోయేలా రాడ్లకు కాపడం, తరువాతే తమకు చాయ. మాబోటి తొందరగాళ్లకు ఇదంతా చాదస్తంగా తోచేది.

"పెండ్లి సంబంధం చూస్తున్నవా అన్నా?" అని నేనే ఎగతాళి చేసేవాణ్ని.

"అంతే గద సార్. రెండు దిక్కుల గుణం తెల్వకుంట అతుకేస్తె నిలుస్తదా?" అని నవ్వేవారు.

2011లో, గనిలో కుడికాలు కోల్పోయిన మన సహోద్యోగి శ్రీ మొగిలి గారు ఒక పాత కారు కొన్నారు. చేతితో బ్రేకు వేసుకునేలా దానికి ఒక మీట అమర్చడానికి అధికారులు ప్రత్యేక అనుమతినిచ్చారు. ఫోర్‌మన్‌గా నేను ఆ పనిని యేసుదానం గారి పేర రాశాను. మీటకు లారీ కమాను పట్టా, అంటే స్ప్రింగు పట్టీ ముక్కను ఎంచింది మాత్రం నేనే. గట్టిది గదా అని నా తెలివి. వారు రవ్వలు చూసి తల అడ్డంగా ఊపారు.

"ఇది కమాను పట్టా సార్. మన మామూలు రాడ్ దీనికి పట్టినట్టే కనబడ్తది, లోపల పగుల్తది. మెత్త ఇనుమైతె ఈ రాడే నడుస్తది. ఇదే కావాల్నంటె వేరే రాడ్ తేవాలె, ముందుగాల ఇనుము కాపాలె, నిమ్మలంగ చల్లారనియ్యాలె. జర ఆగుండ్రి, స్టోర్‌కు పోయొస్త."

వారు అటు వెళ్లారు. గోదావరి అవతల జైపూర్‌లో ఉన్న బిడ్డను చూడబోవాలని మొగిలి గారు ఆత్రపడుతున్నారు. వెల్డింగు నాకు మాత్రం రాదా అన్న అహంకారంతో, భోజనవేళ ఎవరూ లేనప్పుడు, బల్లమీది మామూలు రాడ్‌తో నేనే అతికించాను. అతుకు చూడముచ్చటగా వచ్చింది, మీటను కారుకు బిగించి ఇచ్చేశాను. గేటు దగ్గరి దిగుడులో మొగిలి గారు గట్టిగా బ్రేకు వేయగానే మీట అతుకు దగ్గర పుటుక్కున విరిగింది. కారు గోడకు గుద్దుకొని వారి చెయ్యి విరిగింది. యేసుదానం గారు సరైన రాడ్లు పట్టుకొని అప్పుడే తిరిగి వస్తున్నారు.

విచారణలో, పని ఎవరిదని అధికారి అడిగినప్పుడు యేసుదానం గారు నా వైపు చూశారు. నేను నేలచూపులు చూశాను. మెమో వారికి వచ్చింది. ఆ యేటి ఉత్తమ కార్మికుల జాబితాలోనుంచి వారి పేరు పోయింది. 'ఊడిన అతుకు' అన్న పేరు మాత్రం ఖని అంతా వ్యాపించింది.

"ఎందుకు చెప్పలేదన్నా?" అని బయట అడిగాను.

"మీరే చెప్తరని సూసిన సార్" అన్నారు. ఆ ప్రస్తావన మళ్లీ ఎన్నడూ తేలేదు. మొగిలి గారి చెయ్యి నయమయ్యాక, ఎవరూ అడగకముందే, మెత్త ఇనుముతో కొత్త మీట చేసి ఇచ్చారు. అది నేటికీ పనిచేస్తున్నది.

పోయిన వారం ఈ వ్యాసం చిత్తుప్రతి పట్టుకొని వారి క్వార్టరుకు వెళ్లాను. "ఇప్పుడెందుకు సార్ గవన్ని? మంచి ముచ్చట్లు రాయిండ్రి" అన్నారు. చాయ తెచ్చిన వారి శ్రీమతి సువార్తమ్మ గారు అక్కడే నిలబడ్డారు.

"రాయిండ్రి సారూ. ఆయనకు నడిచింది, నాకు నడువలే. నీళ్ల నల్లా కాడ 'ఊడిన అతుకోని పెండ్లాం అచ్చింది, జరుగుండ్రి' అంటె పద్నాలుగేండ్లు విన్న."

మరునాడే అధికారులకు లిఖితపూర్వకంగా తెలియజేశాను. మొగిలి గారికి స్వయంగా చెప్పాను. వారు, "రోజూ ఆయన చేసిన మీటే పట్టుకుంట, ఆయన్నే అనుమానపడ్తి గదనే" అన్నారు. క్షమించమని అడిగాను, "నన్ను కాదు, ఆయన్ను అడుగు" అన్నారు.

విరమణ చేసినవారిని పూలు కట్టిన బండిలో ఇంటిదాకా సాగనంపడం మన ఆనవాయితీ, పక్కన ఫోర్‌మన్ కూర్చోవడం మర్యాద. ఈసారి ఆ బండి మొగిలి గారి కారు. యేసుదానం గారు ముందు సీట్లో, ఆ మీట పక్కనే కూర్చుంటారు. నేను వెనుక నడిచి వస్తాను.

అన్నా, నన్ను క్షమించు. మీ దంపతులు కంటిచూపు తగ్గక, కీళ్లనొప్పులెరుగక, మీ కూతురు సారిక పైకి రావడం చూసుకుంటూ నిండు నూరేళ్లు చల్లగా జీవింతురు గాక. సువార్తమ్మ గారు ఈ పుటను నల్లా దగ్గర నిలబడి, అందరికీ వినబడేలా చదువుదురు గాక.

సదానందం, ఫోర్‌మన్