నాలుగంగుళాలు తగ్గించి

హలో… ఆ, నేనేలే అక్కా. షాపు ఫోను నేను కాక ఇంకెవరెత్తుతారు?

తింటున్నా… ఆ, ఇంకా! ఒక గుడ్డు, గుప్పెడు కూర. అరగంట పడుతుంది. ఆపరేషనై తొమ్మిదేళ్లయినా, గబగబా మింగితే గుండెల మీద బండ పెట్టినట్టే ఉంటుంది. నీకిది కొత్తా?… పర్లేదు, చెప్పు. నమలడానికీ మాట్లాడ్డానికీ నాకున్నది ఒకటే నోరు, నువ్వే కాస్త ఆగాలి.

… డ్రెస్సా? గుడ్డ అందింది. నీలం రంగు బావుంది. చిట్టి ఉద్యోగంలో చేరే రోజుకే కదా, కుట్టేస్తా. దాన్నొకసారి పంపించు, కొలతలు—

ఏంటీ?… మళ్లీ చెప్పు.

నాలుగంగుళాలు తగ్గించి కుట్టాలా? ఎందుకు?…

ఓహో.

లావు తగ్గే ఆపరేషనుకి డాక్టరు దగ్గర తేదీ కూడా తీసుకున్నావా! నాకు చేసినాయన దగ్గరేనా?… మరి దానికి చెప్పావా?… 'చెప్తాలే' అంటే చెప్పలేదనేగా! కూతురి పొట్టకి కోత పెట్టించడానికి కూతురికి తప్ప అందరికీ చెప్పావన్నమాట. భలేదానివి!

… కుట్టను… వినపడిందిగా. కుట్టనంటే కుట్టను. కొలతలు మనిషికి తీస్తారక్కా, నీ ఆశకి తియ్యరు. అది పట్టక, ఆ పిల్ల అద్దం ముందు నిలబడి ఏడిస్తే?… తెలుసు కాబట్టే చెప్తున్నా. అమ్మ నాకూ అలాగే ఓ గౌను బిగుతుగా కుట్టించింది, గుర్తుందా? జిప్పు పడకపోతే నువ్వే నా నడుముకి మోకాలు అడ్డంపెట్టి లాగావు… నవ్వకు. నాకప్పుడు నవ్వు రాలేదు.

… వద్దన్నానా? నేను చేయించుకుని దాన్నెందుకు వద్దంటాను? షుగరు మాత్రలు మానేశా. గురక పోయింది. మిషను కింద పడ్డ సూది నేనే వంగి తీసుకుంటున్నా. ఆ ఆపరేషను నన్ను బతికించింది, ఎవరడిగినా చెప్తా.

మిగతాదీ చెప్తా… ఎందుకు చెప్పకూడదు? భయపడుతుందనా? భయపడనీ! మొదటి ఏడాది జుట్టు దువ్వెన నిండా ఊడొచ్చింది. బతికున్నన్నాళ్లూ విటమిన్ మాత్రలూ, రక్తపరీక్షలూ తప్పవు. ఇప్పటికీ ఓ స్వీటు ముక్క ఎక్కువైతే ఒళ్లంతా చెమటలు, గుండె దడదడ. కొలతలిద్దామని వచ్చినావిడ ముందే బల్ల పట్టుకుని నిలబడిపోతా. భుజాల కింద చర్మం వేలాడుతోంది. ఇవన్నీ తెలిసి ఒప్పుకుంటే అది దాని ఇష్టం. తెలియనివ్వకుండా ఒప్పిస్తే నీ మోసం.

… అను. ఆగిపోయావేం? 'నువ్వూ మళ్లీ లావయ్యావుగా' అనేగా?

అయ్యాను. పది కిలోలు పెరిగా. మొదట్లో ఏడ్చా కూడా. ఎవరింటికీ వెళ్లలేదు, ఫోటో అంటే పారిపోయా. తర్వాతో రోజు నా బట్టలన్నీ ముందేసుకుని కూర్చుని కుట్లు విప్పా. లోపల గుడ్డ వదిలే కుట్టుకున్నానుగా, వదులు చేసుకున్నా. అంతే! దానికి నువ్వూ, బావా, మీ ఆడపడుచూ కలిసి సంతాపసభ పెట్టక్కర్లేదు. ఫెయిలయ్యానట! నేనేమన్నా పరీక్ష రాశానా?… మీరనుకోకపోతే మరి ఆ మాట నా చెవిదాకా ఎలా వచ్చింది?

అరవకు… అరిచినా కుట్టను.

… ఏంటా చప్పుడు?… గిన్నెలా? రెండు చేతులా గిన్నెలు తోముతూ ఫోనెలా పట్టుకున్నావు?…

స్పీకర్లో పెట్టావా?

… చిట్టి ఎక్కడుంది?…

ఎంతసేపట్నించి గుమ్మంలో నిలబడి వింటోంది?… మొదట్నించీనా?

సరే. చేతులు కడుక్కో. స్పీకరు తీసేసి ఫోను దానికివ్వు… నువ్వేం చెప్పక్కర్లేదు, ముందు ఇవ్వు.

… చిట్టీ… నేనే, పిన్నిని… ఏడువు, పర్లేదు. నాకేం తొందర్లేదు, ఇంకా సగం గుడ్డుంది…

ఊఁ… ఊఁ… ఏం కావాలో నీకింకా తెలియదా? అయితే తెలియదనే చెప్పు. డాక్టరుకీ అదే చెప్పు, మీ అమ్మకీ అదే చెప్పు. ఎన్నిసార్లడిగినా అదే చెప్పు. తేదీ ఎక్కడికీ పారిపోదు…

నేనా?… నేనైతే మళ్లీ అయినా చేయించుకుంటా. కానీ అప్పుడు నన్నెవరూ పంపలేదమ్మా, నా కాళ్ల మీద నేను నడిచి వెళ్లా… తోడా? వస్తా. చేయించుకోనన్నా నీ పక్కనే ఉంటా. మీ అమ్మ సంగతి నాకొదిలేయ్, చిన్నప్పట్నించీ చూస్తున్నా దాన్ని.

… డ్రెస్సెందుకు కుట్టనూ! రేపు షాపుకి రా, కొత్తగా కొలుస్తా. లోపల బోలెడు గుడ్డ వదులుతా. పెరిగినా తగ్గినా మనమే చూసుకుందాం.

ఒక్క మాట. నడుముకి టేపు చుట్టేసరికి నువ్వెప్పుడూ పొట్ట లోపలికి లాగేసుకుంటావు… ఎందుకు తెలియదే, నేనూ అదే చేసేదాన్ని. రేపు లాక్కోకు. ఊపిరి పూర్తిగా వదిలేసి, హాయిగా నిలబడు…

అబ్బే, అలా కాదు. ఇంకా బిగబట్టే ఉన్నావు. వదులు…

ఆ. ఇప్పుడు వినపడింది. పెట్టేస్తున్నా.