ఆరో మెట్టు

మధ్యాహ్నం, హోటలు వంటగది కిటికీ. లోపల వంటచేసే వదిన, బయట బల్లలకు వడ్డించే మరిది.

"ఆరో మెట్టు ఎక్కాను వదినా! పొద్దున్నే."

"ఎక్కడికి?"

"అదే, ఫోన్లో ఆట. గళ్లు వెలుగుతుంటాయి. ఇప్పుడు వెలిగిన గడి, ఆరుసార్ల కిందట వెలిగిందేనా కాదా చెప్పాలి. బుర్రకి కసరత్తు. తెలివి పెరుగుతుంది."

"పెరిగిందా?"

"పెరక్కేం?"

"మరి నిన్న బీరువా తాళంచెవి ఫ్రిజ్‌లో గుడ్ల పక్కన దొరికింది. ఎవరు పెట్టారు, గుడ్లు పెట్టాయా?"

"అది... అది వేరు."

"ఇరవై రెండేళ్లుగా ఉల్లిపాయలు తరుగుతున్నా. చెయ్యి బాగా తిరిగింది. అంతమాత్రాన నన్ను పిలిచి ఆపరేషన్లు చెయ్యమంటారా ఎవరైనా?"

"నీకన్నీ వెటకారమే."

"వెటకారం కాక హారతివ్వాలా? గళ్లాట ఆడితే గళ్లాట వస్తుంది. ఇంకేం వస్తుంది? నా మొహం! ఆ ప్లేట్లు తుడువు."

"తుడుస్తున్నాగా. నువ్వెన్నైనా అను. ఎల్లుండి నుంచి ఆ పెద్ద హోటల్లో చేరుతున్నా. అక్కడ ఆర్డర్లు చీటీ మీద రాసుకోకూడదట. ఎనిమిదిమంది కూర్చున్నా అంతా గుర్తుపెట్టుకునే చెప్పాలి. మానేస్తున్నానని కాయితం కూడా రాశా. ఇదిగో జేబులో. భోజనాల వేళ అయ్యాక మేనేజరుకి ఇచ్చేస్తా."

"ఏం, ఇక్కడ చీటీ రాసుకుంటే నీ సొమ్మేం పోయింది? ఎన్నిసార్లు చెప్పాను?"

"రాసుకోను."

"ఎందుకని?"

"రాసుకోను, అంతే."

"అదే, ఎందుకని?"

"నాన్న కూడా ముందు చీటీలే రాసుకున్నాడు వదినా. తర్వాత ఆ చీటీలెక్కడ పెట్టాడో మర్చిపోయాడు. నలభై ఆరేళ్లకి ఇంటిదారి మర్చిపోయాడు. నాకిప్పుడు నలభై నాలుగు."

"మావయ్య సంగతి నాకు తెలీదా?"

"నవ్వవేం? నవ్వు. భయమేసింది, ఆట మొదలెట్టా. పనిచేసింది. అంతకుముందు వారానికి నాలుగు ప్లేట్లు వెనక్కొచ్చేవి, ఇది మేం అడగలేదంటూ. ఈ మూడు నెలల్లో ఒక్కటి వచ్చిందా? చెప్పు, ఒక్కటి!"

"రాలేదు."

"మరి?"

"మరి లేదు, గిరి లేదు. ఇదిగో, కిటికీ పక్క బల్లది. తీసుకెళ్లు."

"రెండు ఆమ్లెట్లు, ఒకదాంట్లో ఉల్లిపాయ లేదు. ఒక చేప. ఒక సూపు, మిరియాలు లేకుండా. చూశావా? పొల్లు పోకుండా నేను చెప్పినట్టే."

"నువ్వు చెప్పింది అది కాదు."

"అదే చెప్పాను."

"మూడు ఆమ్లెట్లన్నావు, మూడింట్లోనూ ఉల్లిపాయ దండిగా వెయ్యమన్నావు. చేప ఊసే లేదు. సూపులో మిరియాలు ఎక్కువ అన్నావు."

"ఛ! ఊరుకో వదినా, ఇదేం పరాచికం?"

"పరాచికమా? ఆ బల్ల వాళ్ల మాటలు ఈ కిటికీలోంచి వినిపిస్తాయి. దూరం బల్లలకి నీళ్లు పోసే వంకతో నేనే వెళ్లి అడిగొస్తా. మూడు నెలలుగా వాళ్లడిగిందే వండుతున్నా. ఒక్క పూటైనా నువ్వు చెప్పింది వండితే ఒట్టు."

"అబద్ధం! మూడు నెలలా? నాకు ముందే చెప్పొచ్చుగా?"

"ఆ దిక్కుమాలిన ఆట ఆడి అంత సంబరపడుతుంటే నోరు రాలేదు. ఇప్పుడు ఆ కాయితం చూశాక చెప్పక తప్పలేదు. ఆ పెద్ద హోటల్లో కిటికీ వెనక నేనుండను నాయనా."

"కాదు. కాదు వదినా. నేనొకటి చెప్పి నువ్వొకటి ఇస్తే, ప్లేటు చూడగానే నాకు తెలిసిపోదూ?"

"ఏం చెప్పావో నీకు గుర్తుంటేగా తెలిసేది?"