నలభై పరుపుల పీచు

పిన్ని బట్టలుతికే షాపు పెట్టి ఆ రోజుకి సరిగ్గా తొమ్మిదేళ్ళు. అందుకని వచ్చినవాళ్ళందరికీ టీ ఇస్తోంది. బయట వాన. లోపల ఉన్న మూడు డ్రైయర్లలో ఒకటి కీచుమని అరిచి అరిచి ఆగిపోయింది. పిన్ని మొగుడు, అదే, మేమంతా బాబాయ్ అని పిలిచే డ్రైయర్ల మెకానిక్, దాని రేకు విప్పి నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. బెంచీ మీద లెక్కల మాస్టారు, బస్సు డ్రైవరు, నేను. ఎవరి తడిబట్టల బుట్ట వాళ్ళ కాళ్ళ దగ్గర. బాబాయ్ చేతులు పనిలో ఉంటే నోరు ఊరుకోదు.

“డ్రైయరుకి ఉన్నవి మూడే జబ్బులు మాస్టారూ, రాసుకోండి. తిరగదు, వేడెక్కదు, అరుస్తుంది. తిరక్కపోతే బెల్టు తెగినట్టు. వేడెక్కకపోతే ఫ్యూజు పోయినట్టు. అరిస్తే డ్రమ్ము కింద చక్రాలు అరిగినట్టు, ఇదిగో దీనికి లాగ. ఇక తిరుగుతుంది, వేడెక్కుతుంది, అరవదు, కానీ బట్టలు మాత్రం ఆరవు అన్నారనుకోండి, అప్పుడు నన్నే పిలవాలి. అలాంటి కేసే ఒకటి, ఈ షాపు తెరిచిన రోజున...”

“మొదలెట్టారా?” అంది పిన్ని టీ గ్లాసులు కడుగుతూ. “ఆ రోజు పది గంటలకల్లా వచ్చి మొదటి స్విచ్చు నా చేత్తో నొక్కుతానే అన్నారు. వచ్చింది ఒంటిగంటకి. చొక్కా భుజం మీద తెల్లటి మరకా, నోట్లో ఒక పీచు కథా.”

పిన్ని నవ్వుతూనే అంది గానీ, ఆ మాట ఏటా ఒకసారి అనకుండా ఉండదని మాకు తెలుసు.

“అదే చెబుతున్నానే! పావుగంట పని కదా అని వెళ్ళాను. ఐదో అంతస్తు, లిఫ్టు లేదు. వెళ్ళి డ్రైయరు వేసి, గోడకున్న గాలి కన్నం దగ్గర ఇలా అరచెయ్యి పెట్టాను. మంచి డ్రైయరైతే ఊపిరి చేతికి తగలాలి. దీనికి ఊపిరి లేదు. పీచు పట్టే జల్లెడ లాగి చూశాను, శుభ్రంగా ఉంది. సరే, జల్లెడ దాటిన పీచు వెనక గొట్టంలో కూర్చుంటుంది కదా, రెండు వేళ్ళు పెట్టి లాగాను. పిడికెడు వచ్చింది.”

“ఇక్కడిదాకా నమ్ముతాను,” అన్నారు మాస్టారు.

“ఇంకా లాగాను. దిండుకి సరిపడా వచ్చింది. లాగేకొద్దీ వస్తూనే ఉంది. ఎర్ర స్వెట్టరుది ఒక వరస, నీలం దుప్పటిది ఒక వరస, అంతకుముందు అద్దెకున్నవాళ్ళ తువ్వాళ్ళు, వాళ్ళకి ముందున్నవాళ్ళ పంట్లాములు, ఆ ఇంటి చరిత్రంతా బయటికొస్తోంది. పాప లేస్తుందేమోనని నేనేమో నెమ్మదిగా లాగుతున్నాను...”

“ఏ పాప?” పిన్ని చెయ్యి ఆగింది. “తొమ్మిదేళ్ళుగా వింటున్నాను. ఈ కథలో పాప ఎప్పుడూ లేదే?”

“పాపా? పక్కింటి పాప. అంత పెద్ద బిల్డింగన్నాక పాపలుండరా? ఆ స్క్రూడ్రైవరు ఇలా అందుకోండి మాస్టారూ. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పీచు గదంతా నిండి, గుమ్మం దాటి, మెట్ల మీదుగా దొర్లుకుంటూ వీధిలోకి దిగింది. కింద జనం గలీబులు పట్టుకుని క్యూ కట్టారు. ఒకటి కాదు రెండు కాదు, నలభై పరుపులు నింపుకుపోయారు!”

“పోయినేడాది పన్నెండే అన్నావయ్యా.”

“పోయినేడాది మీకు బీపీ ఎక్కువగా ఉంది మాస్టారూ. తట్టుకోలేరని తగ్గించి చెప్పాను.”

మేం నవ్వుతుండగా తలుపు తెరుచుకుంది. మేమెప్పుడూ చూడని ఒకావిడ గొడుగు విదిలించుకుంటూ వచ్చింది. ఈ వీధికి వచ్చి వారమే అయిందిట, ఇంట్లో డ్రైయరు ఇంకా బిగించలేదుట. “పాప యూనిఫాం రేపు పొద్దుటికి ఆరాలండీ,” అని బుట్ట కింద పెట్టి, బాబాయ్ వైపు చూసి అక్కడే నిలబడిపోయింది.

బాబాయ్ కూడా చూశాడు. చేతిలో నట్టు జారి బెంచీ కిందకి దొర్లింది. “సరే, కథ అయిపోయింది,” అని తల మిషను లోపల పెట్టేశాడు.

“అయిపోవడమేంటి బాబాయ్?” అన్నాడు డ్రైవరు. “ఇంకా మేఘం రాలేదుగా! ప్రతిసారీ మేఘం వస్తుంది.”

“చెప్పండి, చెప్పండి,” అంది పిన్ని. “కొత్తగా ఈ సిగ్గొకటి.”

బాబాయ్‌కి తప్పలేదు. తల బయటికి తీసి, ఆవిడ వైపు మాత్రం చూడకుండా, ఎప్పుడూ లేనంత గడగడా అందుకున్నాడు.

“ఏముంది, గొట్టం ఖాళీ అవగానే డ్రైయరు ఒక్క ఊపిరి వదిలింది. దాని దెబ్బకి ఎదురు బిల్డింగు బాల్కనీల్లో బట్టలన్నీ ఆరిపోయాయి. ఆరడమే కాదు, ఇస్త్రీ కూడా అయిపోయాయి. కింద ట్రాఫిక్ పోలీసు మీసం దానంతటదే మెలి తిరిగింది. వానచుక్కలు మూడో అంతస్తు దాకా దిగి, ఇంక కిందకి వెళ్ళడం దండగని వెనక్కి తిరిగిపోయాయి!”

“ఆ రోజు ఆ వీధిలోనే బస్సు నడిపాను,” అన్నాడు డ్రైవరు. “సీటుతో సహా తడిశాను.”

“నీ బస్సు ఎప్పుడు టైముకొచ్చింది గనక? నువ్వొచ్చేసరికి వేడి చల్లారిపోయుంటుంది. మేఘం సంగతి విను. అంతలావు మేఘం ఆ వేడికి ఆరి, ముడుచుకుపోయి, చేతిరుమాలంత అయి వచ్చి కిటికీ మీద వాలింది. మడత పెట్టి భుజాన వేసుకున్నాను. ఇదంతా అయ్యేసరికి మూడు గంటలు పట్టదా మరి? ఆ చొక్కా మరక ఏంటంటావే, మేఘం కారిన మరకే అది!”

“మేఘం కాదండీ,” అంది కొత్తగా వచ్చినావిడ. “మా పాప కక్కిన పాలు.”

అందరం అటు తిరిగాం.

“గొట్టంలో పీచు కూడా లేదు. ఉయ్యాలకి చోటు చాలదని మా ఆయన మిషన్ని గోడకి ఆనించి నెట్టేశాడు. వెనకాల గొట్టం నలిగిపోయింది. ఈ అన్నయ్య మిషన్ని జానెడు ముందుకి లాగి, గొట్టం చేత్తో సాపు చేశాడు. అంతే. మూడు నిమిషాలు.”

“మూడు నిమిషాలా!” మాస్టారు పగలబడి నవ్వారు. డ్రైవరు బెంచీ మీద దరువేశాడు. నలభై పరుపులూ ఒక్క దెబ్బకి గాలిలో కలిసిపోయాయి.

“వద్దులేమ్మా,” అన్నాడు బాబాయ్ మెల్లగా. “ఇప్పుడెందుకది?”

పిన్ని ఒక్కతే నవ్వలేదు. “మరి మిగతా మూడు గంటలు?” అంది.

ఆవిడ బెంచీ చివర కూర్చుంది.

“పాప పుట్టి అప్పటికి ఇరవై రోజులు. మా ఆయన పని మీద వేరే ఊళ్ళో ఉన్నాడు. వానకి ఒక్క గుడ్డ ఆరడం లేదు, నాకు కంటి మీద కునుకు లేదు. ఈ అన్నయ్య వచ్చేసరికి నేను ఇంట్లో లేనండీ. చెప్పులేసుకుని మెట్ల మీద ఉన్నాను. లోపల పాప గుక్కపట్టి ఏడుస్తోంది. దిగి ఎటైనా వెళ్ళిపోవాలనుకున్నాను. ఈయన నన్నొక్క మాట అడగలేదు. లోపలికెళ్ళి పాపని ఎత్తుకున్నాడు, గొట్టం సరిచేశాడు. నేను గుమ్మంలోంచి చూస్తూనే ఉన్నాను. అప్పుడు వెనక్కి తిరిగి, ‘అమ్మా, జబ్బు చాలా పెద్దది, మూడు గంటలు పడుతుంది. ఎవరైనా చూస్తుంటే నాకు చెయ్యాడదు, మీరెళ్ళి పడుకోండి’ అన్నాడు. అబద్ధమని తెలిసే వెళ్ళి పడుకున్నాను. లేచేసరికి గుడ్డలన్నీ ఆరి, మడతలు పెట్టి ఉన్నాయి. ఒక్క మడతా సరిగ్గా లేదు. పాప ఈయన భుజం మీద నిద్రపోతోంది. మెట్ల మీద కూర్చున్న సంగతి ఎవరికీ చెప్పొద్దని బతిమాలాను. చెప్పనన్నాడు.” ఆవిడ బాబాయ్ వైపు తిరిగింది. “ఇంక దాచక్కర్లేదు అన్నయ్యా. పాపకి తొమ్మిదేళ్ళు. బాగున్నాం.”

బాబాయ్ బెంచీ కింద దొరికిన నట్టుని తుడిచి, రేకు బిగించడంలో పడ్డాడు. ఆయన నోట మాట లేకపోవడం మేం చూడ్డం అదే మొదటిసారి. నాకైతే ఆయన్ని కౌగిలించుకోవాలనిపించింది.

పిన్ని బల్ల దాటి ఇవతలికి వచ్చింది.

“తొమ్మిదేళ్ళు నా చేత తిట్లు తిన్నారు.”

“మాటిచ్చానే.”

“నాకు చెబితే పోతుందా?”

“ఎవరికీ అంటే ఎవరికీ అనే కదా.”

పిన్ని ముంజేత్తో కళ్ళు తుడుచుకుంది. కొత్తగా వచ్చినావిడ బుట్టలోంచి చిన్న యూనిఫాం తనే తీసి, దులిపి, డ్రైయర్లో వేసింది.

“చక్రాలు మార్చారా?”

“మార్చాను. రేకు కూడా బిగించేశాను.”

“అయితే లేవండి. ఆ రోజు నొక్కని స్విచ్చు ఇవాళ నొక్కండి.”

బాబాయ్ మోకాళ్ళు దులుపుకుని లేచాడు. మాట తిరిగొచ్చింది. “చూడండి మాస్టారూ, నా వేలు అలా తగిలితే చాలు, డ్రైయరు...” అంటూ నొక్కాడు. మిషను కదల్లేదు. మళ్ళీ నొక్కాడు. ఊహూ. “అబ్బో, ఇది మామూలు జబ్బు కాదు, మోటారులోనే ఏదో...”

“ఆ రోజూ ఇంతే,” అంది పిన్ని. “నొక్కితే కదల్లేదు. డ్రైయర్లు బాగుచేసే మొగుడుండి, మొదటి రోజే మిషను చచ్చిందని వెనకగదిలో కూర్చుని అరగంట ఏడ్చాను. నేనూ ఎవరికీ చెప్పలేదు.”

బాబాయ్ మొహం చిన్నబోయింది. “అయ్యో, నాకు తెలీదే. ఏమైంది దానికి?”

“తలుపు వెయ్యలేదు,” అంటూ పిన్ని డ్రైయరు తలుపుని మోకాలితో నెట్టింది. టక్కుమని పడింది. “ఇప్పుడు నొక్కండి.”