భూషణం సర్వేకు జవాబులు

నాచారం ఇండస్ట్రియల్ ఏరియాల మొదటి షిఫ్ట్ ఇడిసినంక మేమందరం పోయి కూసునేది రాణి మెస్ ముందట. చాయ్ తాగుతం, ఆకలైతే జొన్నరొట్టె తింటం. రొట్టెలు చేసేది రాణి వాళ్ళ అత్త లక్ష్మీనర్సమ్మ. ఆ రోజు మాత్రం ముసలామె పొయ్యి కాడ మొఖం మాడ్సుకోని కూసున్నది. తెల్లారితే ఆ రొట్టెల పొయ్యి తీసేసి, ఆ జాగల నూడుల్స్ పొయ్యి పెడ్తమని కోడలు జెప్పిందంట.

"ఎవలు తియ్యమన్నరు?" అని అడిగిండు మా షిఫ్ట్ కనకరాజు.

"జనం అన్నరు," అన్నడు భూషణం, చాయ్ గిలాస కింద పెట్టి. చిల్కానగర్ల నెట్ సెంటర్ ఆయనదే. రాణి మెస్‌ల ఈ వారం ఏమేం వండుతున్రో ప్రతి సోమారం అందరికి ఈమెయిల్ల పంపేది గూడ ఆయనే. దాన్ని న్యూస్‌లెటర్ అంటడు. "సర్వే జేసిన. సర్వే అంటే ఏందో తెలుసా మీకు?"

తెల్వదన్నా ఆగడు, తెలుసన్నా ఆగడు. మేం చాయ్ తాగుకుంట ఇన్నం.

"పోయిన సోమారం న్యూస్‌లెటర్ కింద ఒక్కటే ఒక్క ప్రశ్న పెట్టిన. మీకు జొన్నరొట్టె కావాల్నా, నూడుల్స్ కావాల్నా? గంతే. వేరేటోడైతే ఏం జేస్తడు, పేజీ నిండ ప్రశ్నలు పెడ్తడు, సదివేటోనికి యాష్టకొస్తది, బంద్ జేస్కుంటడు. నేనట్ల గాదు. మనిషిని ఎట్ల అడగాల్నో నాకు తెలుసు. సెండ్ అని నొక్కిన. మౌస్ మీదికెల్లి ఏలు ఇంక తియ్యనే లే, టింగుమని జవాబొచ్చింది. ఎనకనే ఇంకోటి, దాని ఎనక ఇంకోటి. జర సేపటికి గంట కొట్టినట్టు ఒక్కటే మోత. పక్క దుకాణపాయన లోపట పూజ అయితున్నదనుకోని, చెప్పులు బయట ఇడిసొచ్చి కంప్యూటర్‌కు దండం పెట్టుకున్నడు."

"ప్రసాదం పెట్టి పంపినవా?" అన్నడు తిరుపతి. పంపుల ఫ్యాక్టరీల ఫిట్టర్ ఆయన.

"నవ్వకు తిరుపతీ, అసలు సంగతి ముందున్నది. జవాబులు మస్తయ్యి కంప్యూటర్ కాలుడు షురూ జేసింది. దాని మీద గిన్నె పెడితే చాయ్ మసిలింది. గిట్ల గాదని అన్నీ ప్రింట్ కొట్టిన. ఇగ ప్రింటర్ ఆగుతదా? కాయితాలు గల్మ దాటినయ్, మెట్లు దిగినయ్, రోడ్డెక్కి ఉప్పల్ దిక్కు పోతున్నయ్. బస్సులు నిలవడ్డయ్. ట్రాఫిక్ పోలీసాయన ఈల ఊదుడు బంద్ వెట్టి, రోడ్డు మీదనే కూసోని సదువుతున్నడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఆయన గూడ నూడుల్సే అన్నడా?"

"డబుల్ ప్లేట్ అన్నడు!"

రాణి కౌంటర్ల నిలవడి ఇంటున్నది. నవ్వు రాలే ఆమెకు. లక్ష్మీనర్సమ్మ పెనం మీది రొట్టెను గట్టిగ తిర్లేసింది.

"సర్వే అంటే ఊకె అడుగుడు, లెక్క వెట్టుడు గాదు," అన్నడు భూషణం. "దాంట్ల మనిషి మొత్తం తెలుస్తడు. హబ్సిగూడ ల్యాబుల పెద్ద సార్ ఒకాయన ఉన్నడు. ఆయన నూడుల్స్ అని రాసిన తీరు జూసి, 'సార్, మీకు ఎడమ మోకాలు నొస్తుంది గదా' అని ఫోన్ల అడిగిన. సార్ పరేషాన్! ఇంకొకాయన నారపల్లి కాడ ప్లాటు కొన్నడు. ఆయన జవాబు జూడంగనే, 'అన్నా, నీ ప్లాటుకు ఉత్తరం దిక్కు హద్దురాయి జరుపుతున్రు, ఉరుకు' అన్న. ఉరికిండు. పోయేసరికి రాయి ఇంక వాళ్ళ చేతులల్లనే ఉన్నది!"

"ఎవలే ఆయన?"

"పేర్లు అడగొద్దు కనకరాజూ. సర్వేల పేర్లు బయటవెట్టొద్దు, అది రూలు. ఇగ ఇను. కీసరగుట్ట మీద ఒకాయన ఇంటర్నెట్ ఫోన్ల నా న్యూస్‌లెటర్ తెరిచిండు. కోతి ఉరికొచ్చి ఫోన్ గుంజుకపోయింది. గోపురం ఎక్కింది, కూసున్నది, జవాబు నొక్కింది, మల్ల దిగొచ్చి ఫోన్ ఆయన చేతిలనే పెట్టిపోయింది."

"అది గూడ నూడుల్సేనా?"

"ఇంటికి పంపుతరా అని గూడ అడిగింది."

చాయ్ తాగుతున్న తిరుపతికి పొలమారింది. భూషణం ఆగలే, లేసి నిలవడి చెయ్యి ఆకాశం దిక్కు జూపిచ్చిండు. "ఆఖరికి పైన ఉపగ్రహం తిరుగుతది జూడు, నా జవాబుల బరువుకు అది నాచారం దిక్కు ఒరిగింది. పెద్ద పెద్దోళ్ళు ఫోన్ జేసిన్రు. 'భూషణం గారూ, లోకంల టీవీలన్నీ బందైనయ్, మీ సర్వే జర ఆపుర్రి' అని బతిలాడిన్రు. సరే, పాపమని ఆపిన. అప్పటికే మన సబ్‌స్క్రైబర్లల్ల ఒక్కడు గూడ మిగల్లే. అందరు జవాబిచ్చిన్రు. అందరు నూడుల్సే!"

"నా రొట్టె ఒక్కలకు గూడ నచ్చలేదా, భూషణం?" అన్నది లక్ష్మీనర్సమ్మ. మా నవ్వులు ఆగినయ్.

"నేనేం జెయ్యాలె అత్తా," అన్నది రాణి, తల వంచుకోని. "నాకు మాత్రం మంచిగనిపిస్తుందా? అందరు గట్ల రాస్తే నేనేం జెయ్యాలె?"

మాకు మస్తు బాధనిపిచ్చింది. తిరుపతి గిలాస పక్కకు పెట్టిండు.

"భూషణన్నా, నాక్కూడ వచ్చిందా ఆ న్యూస్‌లెటర్?"

"రాకేం? నువ్వు సబ్‌స్క్రైబర్‌వి గాదా? నూడుల్స్ అని రాసినవ్. జర కారం ఎక్కువెయ్యుర్రి అని గూడ రాసినవ్."

"నా ఈమెయిల్ ఐడీ నువ్వే జేసినవన్నా, నేను నౌకరికి అప్లికేషన్ పెట్టినప్పుడు. పాస్‌వర్డ్ గూడ నువ్వే పెట్టినవ్. అదేందో నేను అడగలే, నువ్వు జెప్పలే. ఇప్పటిదాంక దాన్ని నేను తెరిచిందే లేదు."

"నాది గూడ గంతే," అన్నడు కనకరాజు. "మా చెల్లె దుర్గాభవానిది గూడ. ఆమె పరీక్ష ఫీజు కట్టనీకొస్తే నువ్వే జేసిస్తివి."

రాణి కౌంటర్ల నుంచి బయటికొచ్చింది. "అన్నా, మన లిస్టుల ఉన్నోళ్ళందరి ఐడీలు నువ్వు జేసినయేనా?"

"మరి ఇంకెవలు జేసిస్తరు?" అన్నడు భూషణం, కూసోని. "వారం రోజులు సూసిన రాణీ. ఒక్కలు గూడ తెరువకపాయె. సర్వే అంటే జవాబులుండాలె గదా. ఈ కాలపోళ్ళకు నూడుల్సే ఇష్టమని... వాళ్ళ తరఫున నేనే..."

"కోతి తరఫున గూడనా?" అన్నడు తిరుపతి.

అందరం పడిపడి నవ్వినం. రాణికి గూడ నవ్వొచ్చింది, కండ్లల్ల నీళ్ళు తుడుసుకుంట అడిగింది, "మరి నీ సొంత ఐడీల ఏం రాసినవన్నా?"

భూషణం మెడ గీక్కున్నడు. "నాకు నూడుల్స్ అరగయ్ చెల్లె. నేను రొట్టె అనే రాసిన."

"అందరు నూడుల్సే అంటివి?"

"నన్ను నేను లెక్క వెట్టుకుంటనా?"

లక్ష్మీనర్సమ్మ పిండిముద్ద చేతుల తీసుకోని లేసింది. "ఇనుర్రి. ఆ సర్వేకు నిజంగ జవాబిచ్చినోడు వీడొక్కడే. వీడు రొట్టె అన్నడు. ఇగ నా పొయ్యి ఎవలు తీస్తరో రానీ, సూస్త."