అమ్మ బీరువా తలుపు

ఇంటి వెనక రేకుల షెడ్డు. వడ్రంగం చేసే అన్నదమ్ములిద్దరు పాత బట్టల బీరువాని పనిముట్ల బీరువాగా మారుస్తున్నారు.

"తెల్లారినప్పటి నుంచీ ఈ మబ్బు ఇలాగే పట్టుకుని ఉందిరా. కురవదు, కదలదు."

"కురిస్తేనే నయం అన్నయ్యా. కడుపులో పెట్టుకుని ఎంతసేపు తిరుగుతుంది?"

"కురిస్తే వార్నిష్ ఆరదు."

"ఇవాళ కాకపోతే రేపు ఆరుతుంది. ఆ మేకు ఇటివ్వు."

"ఇంకా కలరా ఉండల వాసనేరా దీంట్లో. మీ ఆవిడ ఏమీ అనలేదా, బీరువా ఇచ్చేస్తుంటే?"

"అంది. బట్టలన్నీ మూటగట్టి మంచం కిందకి తోస్తూ మరీ అంది. ఇద్దరి పనిముట్లూ ఒకచోట ఉంటాయని అన్నయ్య అడిగాడే, అన్నాను. ఊరుకుంది."

"మూలమట్టం ఇక్కడ తగిలిద్దామా?"

"తగిలించు. రంపం ఎక్కడ?"

"అదిగో, ఏది ఎక్కడ తగిలించాలో చెక్క మీద నిన్ననే గీశానుగా."

"పిడి ఎడమవైపుకి తిరిగి ఉందే?"

"అలా కుదిరింది."

"కుదిరిందా?"

"చోటు చాలక... అవునూ, ఈ తలుపు ఎడమపక్కకి తెరుచుకుంటోందేంట్రా? అమ్మ ఉన్నప్పుడు కుడిపక్కకి కదా వెళ్లేది?"

"అటు బందులు అరిగిపోయాయి. ఇటు మార్చాను."

"ఎప్పుడు?"

"నిన్న. నువ్వు బజారుకి వెళ్లినప్పుడు."

"మంచి పని చేశావు. ఇదే నయం."

"నయమేలే. మరి నా ఉలులెక్కడ?"

"పెడదాంలే."

"పెడదాంలే అంటే ఎక్కడ? పైన నీ చిత్రికలు. కింద సొరుగులో బరమా. నావి?"

"నీవి ఆ సంచీలో బాగానే ఉన్నాయి కదరా."

"సంచీలో ఉంటే ఎక్కడికైనా మోసుకుపోవచ్చు, అంతేగా?"

"నేనలా అన్నానా?"

"నువ్వేదీ అనవు. నాన్న ఉలిని మేకు మీద కొట్టి మొక్కపోయేలా చేసింది నువ్వు. నోరెత్తకుండా తెచ్చి నా సంచీలో పెట్టిందీ నువ్వే. తన్నులు మాత్రం నావి."

"పాత సంగతులు తవ్వకు. ఆ బంక డబ్బా మూత పెట్టు."

"తలుపు మీద ఈ పట్టీ ఎవరి ఉలులకి?"

"ఎవరివైతేనేం? పనిముట్లే కదా."

"మనిద్దరం కుడిచేతివాళ్లమే అన్నయ్యా."

"అయితే?"

"ఏం లేదు."

"ఏమండీ, వడ్డించాను. ఏమయ్యా మరిదీ, నువ్వూ రా. మా తమ్ముడు కూడా సంచీ దించి కూర్చున్నాడు... అదేంటి, అలా చూస్తారేం? ఇంకా చెప్పలేదా?"

"నువ్వెళ్లవే, వస్తున్నాం."

"రేపటి నుంచి షెడ్డులో వాడేనని... నాకేం తెలుసు, మీరు చెప్పే ఉంటారనుకున్నాను!"

"వెళ్లమన్నానా!"

"నిజమేనా అన్నయ్యా?"

"ఒరేయ్, అలా చూడకురా. వాడికి ఎక్కడా కుదరడం లేదు. మీ వదిన రోజూ కళ్లు తుడుచుకుంటూ కూర్చుంటే... ఇక్కడ ముగ్గురికి సరిపడే పని లేదాయె. నువ్వు పనొచ్చినవాడివి, ఎక్కడైనా..."

"బీరువా అడిగినప్పుడు తెలుసా నీకు ఈ సంగతి?"

"సుత్తి ఎక్కడ పెట్టాను..."

"నీ చేతిలోనే ఉంది. తెలుసా?"

"చెబుదామనే అనుకున్నాను."

"ఎప్పుడు?"

"ఇవాళే. పని అయ్యాక."

"పని అయ్యాక."

"ముందు అన్నానికి పద. ఖాళీ కడుపుతో ఏం మాట్లాడతాం?"

"పద. ఒక్క మాట. బందులు అరగలేదన్నయ్యా. నువ్వు గీసిన గీతలు నిన్ననే చూశాను, అన్నీ ఎడమచేతి వాటానికే. నీ బావమరిది పుర్రచేతివాడు. ఉలులు వాడి చేతికి అందాలని నేనే తలుపు ఇటు తిప్పి బిగించాను. బిగించి, నువ్వు చెబుతావేమోనని పొద్దుటి నుంచీ చూస్తున్నాను."

నలుగురూ ఒకచోట కూర్చుని తిన్నారు. ఇంకాస్త వేసుకోమని కూడా ఎవరూ అనలేదు.